అక్క కట్టేసిన గాలి

మా అక్క పధ్నాలుగేళ్ళుగా డయాలసిస్ వార్డులో టెక్నీషియన్. మనిషి నెత్తురు ట్యూబుల గుండా మిషన్‌లోకి వెళ్ళి, శుభ్రపడి తిరిగి ఒంట్లోకి వస్తుంటే, అందులో గాలి బుడగ దూరకుండా కళ్ళల్లో వత్తులు వేసుకుని చూడటం ఆమె పని. గాలి దూరితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ భయాన్ని ఇంటికి కూడా తెచ్చుకుంది మహాతల్లి. సోడా తాగదు. గ్లాసులో బుడగలు కనిపిస్తే అవి పోయేదాకా దాహంతోనే కూర్చుంటుంది. "నీళ్ళు తాగుతావా, పరీక్ష చేస్తావా?" అని ఏడిపించేదాన్ని.

రోజు విడిచి రోజు ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళలో రిటైరైన బస్సు కండక్టర్ ఒకాయన ఉన్నాడు. అక్క ఆయన్ని బాబాయ్ అంటుంది. ఇంకెవరు సూది పట్టుకొచ్చినా చెయ్యి దుప్పటి కింద దాచేసుకుంటాడు. ఒంటరి మనిషి. ఇంట్లో తోడున్నవల్లా ఆరు గోల్డ్ ఫిష్‌లు. ఇంటికి రంగులు వేయిస్తున్నాడు. ఆ వాసనకు తట్టుకోలేవని చేపలతో సహా చిన్న గాజు తొట్టెను మా ఇంటికి చేర్చాడు.

"నన్నే నీ చేతిలో పెట్టాను, వీటిదేముందమ్మా" అన్నాడు.

మూడో రోజు పొద్దున అక్క తొట్టెలో సగం నీళ్ళు మార్చింది. చూస్తే చేపల ఒంటి నిండా, రెక్కల మీద సన్నటి బుడగలు. మూలనున్న గాలి పంపు కూడా అలాంటివే బుసబుసా వదులుతోంది. అక్క మొహం పాలిపోయింది.

"ఇవి లోపలికి పోతే ఇంకేమైనా ఉందా?"

"చేపల సంగతి మనకేం తెలుసే? కొట్టువాణ్ణి అడుగు."

"బుడగల గురించి నాకు ఒకరు చెప్పాలా!" అని పంపు కట్టేసి డ్యూటీకి వెళ్ళిపోయింది. నేనూ నోరు మూసుకుని నా పనికి వెళ్ళాను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

సాయంత్రం వచ్చేసరికి నాలుగు వెల్లకిలా తేలి ఉన్నాయి. రెండు నీటి పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి. పంపు వేస్తే ఆ రెండూ తేరుకున్నాయి.

అప్పుడు పరిగెత్తాం చేపల కొట్టుకి. "ఒంటికి అంటుకున్నవి కాసేపటికి వాటంతటవే పోతాయండీ" అన్నాడు కొట్టాయన. "నీళ్ళు తోడే మోటారు గొట్టం సందుల్లోంచి గాలి పీల్చి నీళ్ళల్లోకి బలంగా కుక్కితే తప్ప బుడగలవల్ల ప్రమాదం లేదు. చిన్న తొట్టెలో ఆరు చేపలకి ఆ పంపే ఊపిరి." అక్క మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు. "అచ్చం అలాంటివే నాలుగిస్తాను. ఆయనేం గుర్తుపడతాడు?"

అక్క చెయ్యి చాపింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"చెబితే ఇక నాకు చెయ్యి ఇవ్వడే" అని దారంతా ఏడుస్తూనే ఉంది. నిజానికి నాకు ఆమె మీద కోపంగా ఉంది.

మర్నాడు వార్డులో జరిగింది అక్క చెబితే విన్నదే. సూది ముట్టుకోకముందే చెప్పేసిందట. నాలుగు పోయాయని, గాలి తానే ఆపానని. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఇటు తిరిగి చెయ్యి చాపాడు. అక్క సూది పెట్టింది, ట్యూబు బిగించింది, మిషన్ తిరగడం మొదలుపెట్టింది.

"ఇందులో బుడగ వస్తే నిజంగానే ప్రమాదమా అమ్మా?" అని అడిగాడాయన.

"ఇక్కడ నిజమే బాబాయ్."

"సరే. అయితే ఇవాళ్టి నుంచి నేను కూడా చూస్తూంటాను" అని కళ్ళజోడు పెట్టుకున్నాడు.

డయాలసిస్ నడిచిన నాలుగు గంటలూ ఇద్దరూ ఆ ట్యూబు వైపే చూస్తూ ఉండిపోయారట.