లక్ష్మవ్వ సరిచేసిన ప్రశ్న

మా తాత దేశ్‌ముఖ్. రుద్రూర్ చుట్టుపక్కల ఆయన ఎదుట ఎవరూ కుర్చీలో కూర్చునేవారు కాదు. మా నాన్న ఒక్క ఊరికి పటేల్. తొంభైల్లో నేను టౌన్‌లో, కంఠేశ్వర్ పేటలో, ఒక మానసిక వైద్యుడి దగ్గర గుమాస్తాను.

తమ ఒంటి నుంచి తామే విడిపోయినట్టుండే జబ్బును కొలిచే ఇంగ్లిష్ ప్రశ్నలను డాక్టరుగారి కోసం నేనే తెలుగు చేశాను. ముందు జబ్బు లేనివాళ్లను అడిగి చూడమన్నారు; ప్రశ్న సరైనదైతే వాళ్లు లేదనాలి. దగ్గరి వాడకట్టులో బీడీలు చుట్టే లక్ష్మవ్వను అడిగాను: "నీ చేతులు నీవి కానట్టు, వాటంతట అవే పని చేస్తున్నట్టు ఉంటుందా?"

"రోజూ గంతే" అంది. ఆ వాడకట్టు ఆడవాళ్లందరిదీ అదే మాట. డాక్టరుగారు నా కాగితాలు పక్కన పెట్టి, "హైదరాబాద్‌లో ఇంకెవరితోనైనా రాయిస్తాను" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు వెళ్లి లక్ష్మవ్వ చాట పక్కన నేల మీద కూర్చున్నాను.

"చేతులు సుడ్తనే ఉంటయ్ దొరా, మనసు పొయ్యి మీది కూర కాడుంటది. గిది గూడ రోగమేనా?" అని నవ్వింది.

అక్కడే ప్రశ్న మార్చాను: "పనేమీ లేకుండా ఊరికే కూర్చున్నప్పుడు కూడా అట్లా ఉంటుందా?"

"ఊకె కూసుంటే నా చేతులు నాయి గాక నీయా దొరా?"

వాడకట్టంతా లేదంది. ఆ జబ్బున్న రోగులు మాత్రం అవునన్నారు. డాక్టరుగారు నా ప్రతినే అచ్చుకు పంపి, కింద నా పేరు వేయించారు.

మా ఇంట్లో వారసత్వంగా రాని గౌరవం అదొక్కటే. రుద్రూర్‌లో మిగిలిన చెరకు భూమిని ఆ ఏడాదే అమ్మేశాం.