చిన్నమామ కాగితంలోని ఒక్క తప్పు

మార్చి రెండో తేదీ, సోమవారం, మార్కాపురం.

మొన్న శనివారం ఉదయం మా చిన్నమామ, అంటే మా అమ్మ ఆఖరి తమ్ముడు, నిద్రలోనే కన్నుమూశాడు. నిన్న ఆరాధన తర్వాత మట్టి చేసి వచ్చాం. ముప్ఫై ఒక్క ఏళ్ళు సముద్రపొడ్డున లైట్‌హౌసు దీపం చూసుకున్న మనిషి. ఆయన పెట్టె సర్దుతుంటే సర్వీసు కాగితం బయటపడింది. అన్నీ మెప్పులే, ఒక్క తప్పు తప్ప. అది చూసి ఆయన కొడుకు ముఖం చిన్నబోయింది.

"ఇది పిల్లల కంట పడగూడదు వదినా. పొయ్యిలో యేస్తా" అన్నాడు.

ఆగమన్నాను. ఆ తప్పు నాది. అందుకే ఇది రాస్తున్నాను.

మా వైపు మేకలు, జొన్నచేలు, నల్లమల కొండలు తప్ప సముద్రం లేదు. ఇక్కడినుంచి వెళ్ళిన మనిషికి ఆ పని బాగా అబ్బింది. దీపం చుట్టూ ఉండే పెద్ద అద్దం మీద గీత పడకూడదని వారం వారం గోళ్ళు తీసుకునేవాడు. పైకెక్కే ముందు ఉంగరం తీసి మేకుకు తగిలించేవాడు. తెల్లవారగానే అద్దం చుట్టూ తెరలు దించేవాడు. లేకపోతే ఎండ అందులోంచి పోగై నిప్పు పుడుతుందట. "రాత్రి దీపాన్ని కాయాల, పగలు దీపం నుంచి ఇంటిని కాయాల" అనేవాడు.

అత్త పురిటికి పుట్టింటికి వెళితే, వండిపెట్టడానికి నేను వెళ్ళాను. అప్పుడే ట్రైనింగు ముగించిన పంతులమ్మను. నాకు తెలియనిది లేదనుకునే వయసు. అక్కడి బావినీళ్ళు ఉప్పు. కందిపప్పు ఎంతసేపు ఉడకబెట్టినా రాళ్ళలాగే ఉండేది. మూలన పెద్ద జాడీలో మంచినీళ్ళు ఉన్నాయి. వారానికోసారి బండి మీద వచ్చేవి. దీపం గది గాజు పలకలకు బయట పట్టే ఉప్పు కడగడానికని మామ మొదటి రోజే చెప్పాడు. కానీ నేను బిందెడు నీళ్ళకు మైలు నడిచే ఊరి పిల్లను. మంచినీళ్ళు గాజుకు పోయడానికి మనసొప్పలేదు. నాలుగు రోజులు వాటితోనే పప్పు వండాను.

ఐదో రోజు గాలి హెచ్చింది. సాయంత్రానికి గాజంతా ఉప్పుతో తెల్లబడింది. మామ జాడీ వంచి చూశాడు.

"నీళ్ళేవే అమ్మాయ్?"

"ఉప్పునీళ్ళలో పప్పు ఉడకదు గద మామా."

ఆయన జాడీ కింద పెట్టాడు. "నాలుగు దినాలుగా పప్పు ఇంత బాగుండాదేందా అనుకుంటి. ఓడలోళ్ళ వెలుతురు తిన్నామన్నమాట!"

తాగడానికి ఉంచిన కడవ భుజానికెత్తుకుని నూట ఇరవై ఆరు మెట్లు ఎక్కాడు. గుడ్డలు పట్టుకుని నేను వెనకే వెళ్ళాను. గాజు తేటపడేసరికి దీపం వెలిగించే వేళ పావుగంట దాటింది. మర్నాడు బండి వచ్చేదాకా ఇద్దరం మజ్జిగతో గడిపాం.

రోజూ దీపం వేళలు రాసే పుస్తకంలో ఆయన "దీపం పావుగంట ఆలస్యం. నీళ్ళు కాపాడుకోలేదు. తప్పు నాదే" అని రాశాడు.

"అబద్ధం రాస్తావేంది మామా? తప్పు నాది గద!"

"దీపం నాకిచ్చినారు, నీకియ్యలేదు. సంతకం ఎవరిదైతే తప్పు వాళ్ళదే."

చెన్నపట్నంలోని లైట్‌హౌసుల ఆఫీసు ఆ తప్పును ఆయన సర్వీసు కాగితానికెక్కించింది. ఆయనకు రావలసిన పెద్ద కీపరు పని రెండేళ్ళు వెనకబడింది. కబురు విని నేను ఏడిస్తే ఆయన నవ్వాడు. "ఏడుస్తావేందే? పెద్ద కీపరు కింద కుర్చీలో కూచోవాల. ఇంకో రెండేళ్ళు పైనుంచి సముద్రం చూసే భాగ్యం నాకు దక్కె."

పింఛను పుచ్చుకుని ఊరికొచ్చాక వాడకట్టులోని లాంతరు చిమ్నీలన్నీ ఆయన దగ్గరికే చేరేవి. పొద్దుగూకకముందే తుడిచి ఇచ్చేవాడు.

"ఏం మామా, మా ఇంటికి ఓడలొస్తాయా?" అని పక్కింటావిడ వేళాకోళమాడేది.

"ఓడలు రాకున్నా నీ మొగుడన్నా దోవ తప్పకుండా వస్తాడు లేమ్మా!"

నిన్న ఇదంతా చెబితే ఆయన కొడుకు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆనాడు అత్త పురిటికి వెళ్ళింది ఇతని కోసమే. "ఇన్నేళ్ళలో నాయన ఒక్క మాటా చెప్పలేదే వదినా!"

ఇక జరగవలసినవి:

1. సర్వీసు కాగితం కాల్చకూడదు. నా సంతకంతో ఈ పేజీని దాని వెనక కుట్టాలి.

2. చెన్నపట్నానికి ఉత్తరం నేనే రాస్తాను. పాత పుస్తకంలో ఆ పావుగంట పక్కన నా పేరు చేర్చమని అడుగుతాను. చేర్చరని తెలుసు. అయినా అడగడం నా పని.

3. వేసవి సెలవుల్లో మా ఇంటి పిల్లలందరినీ సముద్రానికి, మామ లైట్‌హౌసు దగ్గరికి తీసుకెళ్ళాలి. వాళ్ళలో ఒక్కరూ సముద్రం చూడలేదు. సాయంత్రం ఇసుకలో వరసగా కూర్చోబెట్టాలి. పైన ఎవరో దీపం వెలిగిస్తే, మొదటి వెలుగు నీళ్ళ మీదుగా ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా ఎవరూ మాట్లాడకూడదు.