నా బిడ్డ సర్టిఫికెటు ఎనుక ముద్రకు జాగ లేదన్నరు

కోరుట్ల బస్టాండు కాడ నాది జిరాక్సు దుకాణం. పేరుకే జిరాక్సు, అసలు బేరమంతా లామినేషన్‌ది. మా దిక్కు జనానికి కాయితమంటే పాణం. ఆధార్ కార్డు, కులం సర్టిఫికెటు, సచ్చిపోయిన తాత ఫోటో, ఏదైనా సరే ప్లాస్టిక్కుల పెడితేనే నిద్ర పడతది. రాయికల్ నుంచి ఒకామె కరెంటు బిల్లు పట్టుకొని అచ్చింది. ఎందుకమ్మా అంటే, "మంచిగుంటది, చెయ్యన్నా" అన్నది. చేసిచ్చిన.

నా బిడ్డ నర్సింగు పాసై జగిత్యాలల ఒక దవాఖానల చేస్తుండె. డిగ్రీ సర్టిఫికెటు ఇంటికచ్చిన్నాడు ఆమె డ్యూటీల ఉన్నది. నేను ఊకుంటనా? అందరికీ సన్న షీటు ఏసేటోన్ని, నా బిడ్డదానికి దుకాణంల ఉన్నదాంట్ల అన్నిటికన్న మందంది తీసిన. మిషన్ల రెండుసార్లు పెట్టిన. అద్దం లెక్క మెరిసింది. సాయంత్రం ఆమె అచ్చి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. మురిసిపోయిందని నేనే అనుకున్న.

గా తర్వాత సిరిసిల్ల ఏజెంటు ద్వారా కువైట్ల కొలువు దొరికింది. నెలాఖరుకు సర్టిఫికెటు మీద ముద్రలన్నీ పడి అందాలె, లేకుంటే ఇంకొకలను తీసుకుంటమని అక్కడి దవాఖానోళ్లు రాసిన్రు. ముద్రల కథ ఏజెంటు కూసోబెట్టి చెప్పిండు. యూనివర్సిటీ సంతకం నిజమేనని హైదరాబాదు సర్కారు ఆఫీసోళ్లు సర్టిఫికెటు ఎనుక ముద్రేసి సంతకం పెడతరట. హైదరాబాదోళ్ల సంతకం నిజమేనని ఢిల్లీ వాళ్లు, ఢిల్లీ వాళ్లది నిజమేనని కువైట్ ఎంబసీ వాళ్లు. వారెవ్వా! పిల్లకు సూది ఎయ్యస్తదా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు.

ఇద్దరం హైదరాబాదు పోయినం. కౌంటర్ల సారు సర్టిఫికెటు ఎనుకకు తిప్పిండు, గోరుతోని గీకిండు.

"ముద్ర ఏడ కొట్టాలె? గీ ప్లాస్టిక్కు మీదనా?"

"కొట్టుండ్రి సారూ, గట్టి ప్లాస్టిక్కే."

"కాయితం మీదనే పడాలె. ఎవడయ్యా గిట్ల చేసింది?"

"ఎవడో తెలివిలేనోడు సారూ," అన్న. బిడ్డ తల పక్కకు తిప్పుకున్నది.

వాపసు బస్సుల ఆమె ఒక్కటే మాట. "బాపూ, దీన్ని ముట్టుకోకు. రేపు నేను యూనివర్సిటీల అడుగుత." సరే అన్న. నోటితోని అన్న. ఇరవై ఏండ్ల సంది అంటుబెట్టినోనికి ఊడదీసుడు రాదా? పొద్దున ఆమె స్నానానికి పోంగనే ఇస్త్రీపెట్టె ఏడి చేసిన. ఒక మూల లేచింది. శభాష్ అనుకుంట మెల్లగ గుంజిన. ప్లాస్టిక్కు అచ్చింది, దాంతోని యూనివర్సిటీ ముద్ర అచ్చింది, కింద సంతకం సగం అచ్చింది. అయ్యో, ఎంత పని చేసిన అని అక్కడనే కూలబడ్డ.

బిడ్డ అచ్చి ముక్కలన్నీ ఏరి కవర్ల ఏసుకున్నది, ఇద్దరం యూనివర్సిటీకి పోయినం. అక్కడి మేడం ముక్కలు చూసి, "లామినేషన్‌తోనే తెచ్చినా వారంల కొత్తది ఇచ్చేటోళ్లం. గిట్ల చినిగినదానికి విచారణ కావాలె, రెండు నెలలు పడతది," అన్నది. నెలాఖరుకు ఇంక పన్నెండు దినాలే ఉండె. కువైట్ కొలువు వేరే పిల్లకు పోయింది.

బిడ్డ నన్ను తిడితే బాగుండు అనుకున్న. ఆఫీసులను, సార్లను, ఢిల్లీని, కువైట్‌ను అన్నిటినీ నేనే తిట్టుకుంట బస్టాండు దాకా అచ్చిన. బిడ్డ అంతసేపు ఇన్నది. బస్సు ఎక్కబోతూ ఆగి అన్నది:

"అది నా సర్టిఫికెటు బాపూ. అంటుబెట్టేటప్పుడు నన్ను అడగలె. ఊడదీసేటప్పుడన్న అడగలె."