సూపర్ కంప్యూటర్‌కి గలీబులు

ఈ సంగతి జరిగినప్పుడు నాకు అక్షరాలు రావు. గుణదలలో మా వీధి చివర ఆడవాళ్లకు సాయంత్రం క్లాసు పెట్టాక, యాభై దాటిన వయసులో పలక పట్టాను. అంతకుముందు ఒకసారి పక్కింటి టీచరమ్మకు చెప్పి రాయించబోయాను. చదివి వినిపించమంటే, నేను సూపర్ కంప్యూటర్ అన్నచోటల్లా ఉత్త కంప్యూటర్ అని చదివారు. అదేంటండీ అంటే, మన బెజవాడలో అలాంటివి ఎక్కడుంటాయి అని నవ్వారు. ఎప్పటికైనా నేనే రాయాలని అప్పుడే అనుకున్నాను.

ఎక్కడో ఎందుకు, నేను తుడిచిన గదిలోనే ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. బెంజ్ సర్కిల్‌లో బస్సు మారి, ఊరి బయట ఒక ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లేదాన్ని. అక్కడ స్వీపర్‌ని. సూపర్ కంప్యూటర్ వస్తోందంటే గదంత పెట్టె దిగుతుందని అందరం ఎదురుచూశాం. తీరా వచ్చినవి మామూలు పెట్టెలే. ఏసీ గదిలో ఇనుప అరల మీద వాటిని వరసగా నిలబెట్టి, వెనక నీలం వైర్లతో కలిపారు. ఒకే లెక్కను అన్నీ పంచుకుని చేస్తాయట. నాకిది వెంటనే ఎక్కింది. మాది పెడన, నేత ఇల్లు. ఒక్క చీర కోసం ఒకరు కండెలు చుడతారు, ఒకరు గంజి పెడతారు, ఒకరు మగ్గం మీద కూర్చుంటారు.

ఇదంతా నాకు విప్పి చెప్పింది అక్కడ పరిశోధన చేసే అమ్మాయి. వయసులో నాకు కూతురంత, అయినా మేడమ్ అనే పిలిచేదాన్ని. ఆవిడ నన్ను పిన్నీ అనేవారు. భూమి అడుగునుంచి సముద్రపు నీళ్లు డెల్టాలోకి ఎంతవరకూ వచ్చాయో, ఏ ఊరి బావులు ఎప్పటికి ఉప్పగా మారతాయో కనిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను ఆ యంత్రాల్లో లోడ్ చెయ్యాలి. అదీ ఆవిడ పని. పెడనలో మా బావి ఉప్పబడ్డాక, నూలుకు గంజి పెట్టడానికి మా అమ్మ కాలవ నీళ్లు మోసుకొచ్చేది. అందుకే ఆ మాట వినగానే చీపురు పక్కన పెట్టి నిలబడిపోయాను.

చిక్కల్లా గురువారంతోనే. యంత్రాలిచ్చిన పెద్ద ఆఫీసు వాళ్లు ఆ రోజు మధ్యాహ్నం చూడ్డానికి వస్తారు. అప్పటికి సాఫ్ట్‌వేర్ నడుస్తూ కనపడకపోతే యంత్రాలను వేరే ఊరి కాలేజీకి ఇచ్చేస్తారు. మేడమ్ ఇన్నేళ్లుగా ఊరూరా తిరిగి పట్టుకొచ్చిన నీళ్ల లెక్కలు బీరువాలోనే ఉండిపోతాయి.

పెద్దవాళ్లు వస్తున్నారని హెడ్ సార్ గదిని ముస్తాబు చేయించారు. మన ఇళ్లలో టీవీకీ మిక్సీకీ ఫ్రిజ్జుకీ తొడుగు లేకుండా ఉంటుందా? ఇంత ఖరీదైన సరుకు వట్టిగా ఉందేంటమ్మా, దుమ్ము పడదూ, నీకు కుట్టు వచ్చుగా అన్నారు. మా అన్న నేసిన గళ్ల గుడ్డ తెప్పించి, దిండ్లకు కుట్టినట్టే ఒక్కో పెట్టెకూ గలీబు కుట్టాను. ముందువైపు దీపాలు కనపడేలా కిటికీ కోసి, చుట్టూ ఎర్ర అంచు వేశాను. వెనకవైపు వైర్ల వరకు సందు వదిలి, నాడాలతో బిగించి కట్టాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. పెళ్లికూతుళ్లలా ఉన్నాయి పిన్నీ అని మేడమ్ కూడా మురిసిపోయారు.

సోమవారం హెడ్ సార్ కొబ్బరికాయ కొట్టాక పని మొదలైంది. యంత్రాలు లోపల, మేడమ్ మధ్యలో ఉన్న అద్దపు గోడకు ఇవతల తెర ముందు. సీడీ పెట్టి ఏదో టైపు చేస్తే తెర మీద తెల్లటి వరసలు గబగబా పైకి పాకేవి. ఇంతసేపా అని అడిగాను. ఈ సాఫ్ట్‌వేర్ పట్టాలంటే ముందు ఇంకోటి ఉండాలట, దానికి ముందు మరోటి. నవ్వొచ్చింది. మగ్గం మీద మొదటి పోగు పడేలోపు మా ఇంట్లో ఎన్ని పనులు కావాలో ఆవిడకు చెప్పాను. అయితే నా కష్టం మీకే తెలుస్తుంది అన్నారు.

కానీ సగానికి వచ్చేసరికి ఒక యంత్రం ఆగిపోయేది. కాసేపటికి దాని పక్కది. మేడమ్ మళ్లీ మొదటినుంచి. మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. హెడ్ సార్ వచ్చి, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో పుట్టిన కరెంటంతా మనమే తాగుతున్నాం, లెక్క మాత్రం రాదు అని దెప్పిపోయారు. మేడమ్ అన్నం కూడా సరిగ్గా తినడం లేదు.

గురువారం పొద్దున వైరు ఏదన్నా ఊడిందేమోనని ఆవిడ లోపలికొచ్చి అరల వెనక దూరారు. నేను తుడుస్తున్నాను. ఒక గలీబు నాడా విప్పి పైకెత్తారు.

"పిన్నీ, ఇలా రండి. ఇక్కడ చెయ్యి పెట్టండి."

పెట్టి చటుక్కున లాక్కున్నాను. అట్ల పెనంలా ఉంది. గదంతా చల్లగా ఉంటే గుడ్డ లోపల రోహిణీకార్తె.

"ఇవి వేడి వదిలేది వెనకనుంచే. కాలిపోకుండా వాటంతటవే ఆగిపోతున్నాయి. నేనేమో ఇన్ని రోజులూ ప్రోగ్రాముని తిడుతున్నాను."

"అంటే ఎండాకాలంలో స్వెట్టర్లేసి పరిగెత్తమన్నాం" అన్నాను.

మేడమ్ నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక అరను పట్టుకున్నారు. ఇద్దరం నవ్వుతూనే నాడాలు లాగసాగాం. అంతలో హెడ్ సార్ వచ్చి, పెద్దవాళ్లొచ్చే రోజున ముస్తాబు తీసేస్తారేంటి అని కేకలేశారు. మేడమ్ ఆయన చెయ్యి తీసుకుని ఆ పెట్టె వెనక పెట్టారు. ఆయన చొక్కా చేతులు మడిచి, తనూ నాడాలు విప్పడానికి వంగారు.

ఇక అప్పుడు చూడాలి మా హడావుడి. మేడమ్ బయటినుంచి ఒక్కో యంత్రాన్నీ లేపుతుంటే, నేను లోపల నిలబడి, పచ్చదీపం రాగానే పైఅర మొదటిది వచ్చింది, దాని పక్కది వచ్చింది అని చెబుతున్నాను. ఒక్కటీ ఆగలేదు. భోజనాల వేళకు సాఫ్ట్‌వేర్ అన్నిటిలోనూ పట్టింది. నా క్యారేజీ విప్పనే లేదు. మేడమ్ లెక్క మొదలుపెట్టారు.

ఆఫీసు వాళ్లు వచ్చి చెప్పులు బయట విడుస్తుండగా తెర మీద బొమ్మ పడసాగింది. ముందు సముద్రపు ఒడ్డు, తర్వాత కాలవలు, ఊళ్లు. ఉప్పునీళ్లు ఎరుపు, మంచినీళ్లు నీలం. వాళ్లలో పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చుని, కాలవలకు నీళ్లు వదలకపోతే ఏమవుతుందో చూపించమన్నారు. మేడమ్ ఒక అంకె మార్చారు. అందరూ తెర వంక చూస్తుంటే నేను దీపాల వంక చూస్తున్నాను. అన్నీ వెలుగుతూనే ఉన్నాయి. తెర మీద ఎరుపు ఒడ్డునుంచి లోపలికి పాకింది.

"వీటిని ఇంకెక్కడికో పంపడం దేనికండీ? సముద్రం ఉన్నది ఇక్కడ కదా" అన్నారు పెద్దాయన.

వాళ్లు వెళ్లాక పెడన ఎక్కడుందో చూపించమని అడిగాను. మేడమ్ వేలు పెట్టి చూపించారు. ఎరుపు అంచును ఆనుకుని, ఇంకా నీలంలోనే ఉంది. నేను ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది హెడ్ సార్‌కి. యంత్రాలు తమకే వస్తాయన్న నమ్మకంతో ఆ వేరే కాలేజీ వాళ్లు అప్పుడే వ్యాను పంపేశారట. పొద్దున్నే వస్తుందట. ఆ సంగతి నేను చూసుకుంటానన్నాను.

మర్నాడు మొదటి బస్సుకే వెళ్లాను. గేటు ముందు వ్యాను ఆగి ఉంది, వెనక మోకులూ గోనెపట్టాలూ. డ్రైవరు దిగి, సామాను ఎక్కడుందక్కా అని అడిగాడు. సామాను లేదు బాబూ, వెళ్లిపో అన్నాను. ఇంత దూరం వస్తే ఖాళీగా పొమ్మంటారేంటని విసుక్కున్నాడు. ఎదురుగా బడ్డీ కొట్లో టీ ఇప్పించి, చేతులు తిప్పుకుంటూ జరిగిందంతా మొదటినుంచి చెప్పాను. గలీబుల దగ్గర నవ్వాడు. ఎరుపు, నీలం దగ్గరికొచ్చేసరికి టీ తాగడం ఆపేశాడు.

"మాది నాగాయలంక అవతలక్కా. మా బోరు సంగతి కూడా చెబుద్దా అది?"

మేడమ్ ఇంకా రాలేదు. గది తాళం నా దగ్గరే ఉంది. చెప్పులు విప్పించి, అతన్ని అద్దం దగ్గరికి తీసుకెళ్లాను.