ఆఖరి కాళ్ల ఆర్నల్డ్

ఫలానాది "ఆఖరి కాళ్ల మీద ఉంది" అని ఎవరైనా రాస్తే, తన కళ్లతో చూసొచ్చేదాకా ఆర్నల్డ్ థ్వెయిట్ దాన్ని అచ్చుకు పంపేవాడు కాదు. రోజులు దగ్గరపడ్డాయనడానికి ఇంగ్లీషువాళ్లు 'ఆన్ ఇట్స్ లాస్ట్ లెగ్స్' అని అలవోకగా రాసేస్తుంటారు. రాస్‌బ్రిడ్జ్ వారపత్రికలో ముప్ఫై ఏళ్లుగా వార్తలు దిద్దుతున్న ఈ మహానుభావుడికి ఆ మాట కంటబడితే చాలు, టోపీ పెట్టుకుని సైకిలెక్కేవాడు.

విలేకరి డోరీన్ పికప్ ఓసారి ఊరి బ్యాండు మేళం గురించి అలాగే రాసింది.

"ఎవరు చెప్పారు?" అన్నాడు ఆర్నల్డ్.

"సాధనకి నలుగురే వచ్చారండీ."

"ఏ రోజు వెళ్లావు?"

"శనివారం."

"శనివారం పావురాల పందేలమ్మాయ్. మగాడన్నవాడు సాధనకి వస్తాడా?"

మంగళవారం తనే వెళ్లి పందొమ్మిది బాకాలూ విని, చెవులు గింగురుమంటూ తిరిగొచ్చి ఆ వాక్యం కొట్టేశాడు.

చర్చి పైకప్పు సంగతైతే మరీ విడ్డూరం. చూద్దామని నిచ్చెనెక్కితే అది విరిగింది. ఫైరింజనువాళ్లు దింపారు. "కప్పు దుక్కలా ఉంది. కావాలంటే నిచ్చెన గురించి రాసుకో" అన్నాడు డోరీన్‌తో.

ఆ చలికాలం డోరీన్‌కి పక్షవాతం వచ్చింది. రెండు నెలల తర్వాత తిరిగొచ్చినా కుడిచేతి వేళ్లు మాట వినడం లేదు. కొత్త ఎడిటర్ పెవరెల్ ఆమె టైపు చేస్తుంటే గడియారం చూసేవాడు. ఉద్యోగం పోతే తిండికి లోటులేదు గానీ, పొద్దున్నే లేచి ఎక్కడికెళ్లాలో ఆమెకి తెలియదు.

పులిమీద పుట్రలా ఆర్నల్డ్ వెంటపడ్డాడు. కౌన్సిల్ సమావేశానికెళ్తే వెనక బెంచీలో అతనే. కోర్టులో అతనే. కూరగాయల పోటీలో గుమ్మడికాయ వెనక నుంచి అతని టోపీ కనబడింది. తన తప్పులు లెక్కపెడుతున్నాడనుకుంది డోరీన్. మూడోవారం ఉండబట్టలేక నిలదీసింది.

"నా వెనకెందుకు పడుతున్నారండీ?"

"చూస్తున్నాను."

"ఏం చూస్తున్నారు?"

"కాళ్లు."

"ఈ వయసులో సిగ్గులేదూ?"

ఆర్నల్డ్ ఏదో రాసుకున్నాడు.

శుక్రవారం పెవరెల్ పిలిచాడు. ఇక అయిపోయిందనుకుంటూ వెళ్లింది. బల్లమీద అతను మూడువారాల కిందట యజమానులకి రాసిన ఉత్తరం ఉంది. ఆఫీసు దాటే ప్రతి కాగితమూ ఆర్నల్డ్ ఎర్రసిరా కిందినుంచే పోవాలి, అది అక్కడి ఆచారం. "డోరీన్ పికప్ ఆఖరి కాళ్ల మీద ఉంది" అన్న వాక్యం అడ్డంగా కొట్టేసి ఉంది. పక్కన ఇలా ఉంది:

"కౌన్సిల్ మూడుసార్లు, కోర్టు రెండుసార్లు, కూరగాయలు ఒకసారి చూశాను. ఒక్క పేరూ తప్పు రాయలేదు. టైపు నెమ్మది. మేయరు ఇప్పటికీ ఆవిణ్ణి చూస్తే దొడ్డిదారిన పారిపోతున్నాడు."

"ఇది పంపలేను కదా," అన్నాడు పెవరెల్ చెవి గోక్కుంటూ. "సోమవారం కౌన్సిలుంది. వెళ్తారా?"

డోరీన్ తిన్నగా ఆర్నల్డ్ బల్ల దగ్గరికి వెళ్లింది. టీ కలిపి ముందు పెట్టింది. "మీ రుణం తీర్చుకోలేనండీ" అంది.

"నాదేముంది? తప్పు రాశాడు, కొట్టేశాను" అన్నాడతను తలెత్తకుండా. తర్వాత బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి మోకాలు నొక్కుకున్నాడు. "సోమవారం కాస్త నెమ్మదిగా నడువమ్మాయ్. నీ వెనక పరిగెత్తలేక చచ్చాను."