సగం ధర కుక్కర్

లాల్‌దర్వాజాలో శారదాంబగారు బేరమాడకుండా కరివేపాకైనా కొనరు. వంకాయలు ఒక్కొక్కటే నొక్కి చూసి, ధర విని నవ్వేస్తారు. అలాంటావిడకు టై కట్టుకున్న మనిషొకడు సగం ధరకే కుక్కర్ ఇస్తానన్నాడు. ముందు డబ్బు కట్టి సభ్యులవ్వాలి, తర్వాత మరో నలుగుర్ని చేర్పించాలి. ఆవిడ సంబరంగా పక్కింటి ఆగమ్మ దగ్గరికి వెళ్లారు. కూలికి వెళ్లొచ్చిన ఆగమ్మ పూర్తిగా వినకుండానే డబ్బుల కోసం కొంగుముడి విప్పబోయింది.

“నువ్వు జెప్పినంక ఫికర్ ఏందక్కా?”

శారదాంబగారు తడబడ్డారు. “నలుగుర్ని ఎక్కణ్ణుంచి తెస్తావే?”

“మా చెల్లెకు, వదినెకు జెప్త. వాళ్లు ఇంకో నలుగురికి జెప్తరు.”

“మరి ఆ చివరివాళ్లకు ఎవరు దొరుకుతారు?” అనేసి ఆవిడే ఉలిక్కిపడ్డారు. ఆగమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, “వద్దమ్మా, నేనూ చేరను” అన్నారు. ఆ సాయంత్రం ఇద్దరూ గడప మీద కూర్చుని, ఆగమ్మ సత్తుగిన్నెలో పప్పు ఉడికేదాకా కబుర్లు చెప్పుకున్నారు.