టెండర్‌లో నీళ్లు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. కంప్యూటర్ మొరాయిస్తే నిమ్మకాయతో దిష్టి తీసే మనుషులు మా గిద్దలూరులో ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎన్నో ఏళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నదాన్ని, యంత్రం ఎందుకు చెడుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా ఇది రాస్తున్నాను.

నాకొక పిచ్చి ఉంది. కంప్యూటర్లో రైలు నడిపే సిమ్యులేటర్ ఆట కోసం పాతకాలపు ఆవిరి ఇంజన్లు తయారుచేస్తాను. ఒకప్పుడు మా ఊరి మీదుగా నంద్యాలకు మీటర్ గేజ్ లైను ఉండేది. ఇరుకు పట్టాలు, చిన్న ఇంజన్లు. గిద్దలూరు నుంచి నల్లమల ఘాట్ దాటేదాకా ఆ లైనునూ, దాని మీద నడిచిన ఇంజన్నూ ఉన్నదున్నట్టు కట్టాలని కూర్చున్నాను. కూడు పెడుతుందా గుడ్డ పెడుతుందా అన్నారు ఇంట్లో. రెండూ పెట్టదు.

మా వీధి చివర యేసోబు తాత ఉంటాడు. ఆ ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా బొగ్గు వేసిన మనిషి. రోజూ పదకొండింటికి వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుని వంకలు పెట్టేవాడు. "ఏంది పాపా, పొయ్యి తలుపు అట్ల తెరుసుకోదు" అని ఒకరోజు. "పొగ అంత నల్లగొస్తాదా? నేనేమన్నా పని రానోణ్ణా?" అని ఇంకోరోజు. ఆ తలుపు నాలుగుసార్లు మార్చాను. నాలుగుసార్లూ తల అడ్డంగా ఊపాడు.

అయినా ఓర్చుకున్నాను. తాతకు చూపు పోతోంది. ఇక బాగుకాదని డాక్టర్లు చెప్పేశారు. కాస్తో కూస్తో కనిపిస్తున్నప్పుడే ఘాట్ చూపిస్తానని మాటిచ్చాను. నా తొందరంతా అందుకే.

సరిగ్గా అప్పుడే నీళ్ల గొడవ మొదలైంది. టెండర్ అంటే ఇంజన్ వెనక బొగ్గూ నీళ్లూ మోసే బండి. దిగువమెట్ట దాటి ఘాట్ ఎక్కుతుంటే ఒక మలుపు దగ్గర అందులో నీళ్లు తగ్గడం మొదలయ్యేది. రెండు నిమిషాల్లో సున్నా. ఇంజన్ చచ్చి ఊరుకునేది. నెమ్మదిగా పోయినా అంతే, వేగంగా పోయినా అంతే.

ఎత్తుపల్లాల లెక్కలు చూశాను. టెండర్‌ను మొదటి నుంచి మళ్లీ కట్టాను. ఆటను తీసేసి కొత్తగా ఎక్కించాను. గుంటూరులో నా ఇంజన్లను పరీక్షించే ఒక స్నేహితుడికి పంపితే, అతని కంప్యూటర్లోనూ అదే మలుపులో నీళ్లు ఖాళీ. అంటే తప్పు నా ఫైల్లోనే ఉంది. మూడు వారాలు వెతికినా దొరకలేదు. జిరాక్స్ కోసం వచ్చినవాళ్ల మీద ఊరికే అరిచాను.

చివరికి తాతకు చెప్పక తప్పలేదు. మలుపు చూపించాను. తెరకు ముక్కు ఆనించి చూశాడు.

"ఈడ గేటుండాల గదా పాపా. ఆపకుండా ఎట్ల పోతావు?"

నా దగ్గరున్న ఏ మ్యాపులోనూ అక్కడ గేటు లేదు. ఉండేదట. అడవి మధ్యలో, బావి కూడా లేని చోట. గేట్‌మన్ భార్య బిందెలతో నిలబడితే, ఇంజన్ నిమిషం ఆపి టెండర్‌లోంచి ఆమెకు నీళ్లు పట్టిచ్చేవాళ్లట. రూల్సులో లేదు గానీ అందరూ చేసేవాళ్లట.

"ఆఖరి ఆవిరిబండి రోజు ఇంజనుకు దండలేసినారు. పెద్దమనుషులు ఎక్కి నిలబడినారు. ఆపలేకపోయినాం. ఆయమ్మ బిందెలు పెట్టుకోని నిలబడుండింది. నేను చూడనట్టు మొకం పొయ్యికాడ పెట్టుకోని బొగ్గేస్తా ఉన్నా. మరసటి రోజు నుంచి డీజిలొచ్చె. దాంట్లో నీళ్లు యాడుంటాయి?"

పాపం అనిపించింది. చిరాకూ వేసింది. ఆయమ్మ సంగతి నా ఫైలుకెలా తెలుస్తుంది?

మరుసటి రోజు తాత వచ్చి, ఆగిపోతే ఆగిపోయింది, ఒకసారి నడుపు అన్నాడు. మలుపు రాగానే "ఆపు పాపా" అన్నాడు. ఆపాను. తెర మూలన నీళ్లెన్ని ఉన్నాయో చూపే అంకె తగ్గడం మొదలైంది. అంత చిన్న అంకె తాతకు కనిపించదు, అది నాకు బాగా తెలుసు. ఆయన తెర మీద ఎడమవైపు, నేను ఏమీ కట్టని ఖాళీ చోటు వైపు చూస్తున్నాడు.

"పట్టుకో తల్లీ, నిదానంగా పట్టుకో. ఈ పొద్దు తొందరేం లేదు."

నాలుగైదు బిందెలంత తగ్గి అంకె ఆగింది. ఆగీ ఆగగానే "ఇంక పోదాం పద" అన్నాడు.

బండి ఘాట్ దాటింది. మళ్లీ చుక్క కూడా కారలేదు. తాత తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ సాయంత్రం గుంటూరు నుంచి ఫోను. "ఏం మార్చావక్కా? ఎక్కడా ఆపకుండా పోయాను, నీళ్లు తగ్గనే లేదు."

నేనేమీ మార్చలేదు. అతనికి కొత్త ఫైలు పంపనూ లేదు. అతని దగ్గరున్నది మూడు వారాల నాటి పాతదే. తెప్పించుకుని నా పాతదానితో పోల్చి చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు.

ఆ మాట చెబితే అతను నమ్మలేదు. కిటుకు దాచుకుంటున్నానని అలిగాడు. ఇప్పటికీ ఫోను చేసినప్పుడల్లా అడుగుతాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.